సిగరెట్టు మీద పోట్లాడే ముందు

చెల్లాయ్, డ్యూటీ నుంచి వచ్చిన మనిషి బట్టలైనా మార్చుకోకుండా మేడెక్కి సిగరెట్టు వెలిగిస్తే నీకు ఒళ్ళు మండుతుందని నాకు తెలుసు. పిల్లలు తిరిగే ఇల్లు. పైగా మానేశానని పెళ్ళిచూపుల్లో మీ నాన్నగారికి మాటిచ్చిన మనిషి. ఏ బట్టల కొట్లోనో పనిచేసేవాడైతే నేనూ నీ పక్కన నిలబడి నాలుగు అనేదాన్నే. కానీ మీ ఆయన ఉండేది ఫైర్ స్టేషన్లో. ఈ ముచ్చట్లు చదివే ఇంకో చెల్లెలి మొగుడు విపత్తుల్లో సాయానికి వెళ్ళే ఎన్డీఆర్ఎఫ్‌లో జవాను. మరొకావిడ కొడుకు 108 అంబులెన్సులో తిరుగుతాడు. ఇలాంటి ఇళ్ళల్లో సిగరెట్టు గొడవని అందరిళ్ళలో గొడవలా చూడకూడదని నాకు ఈమధ్యే గట్టిగా అనిపిస్తోంది. కాస్త పొడుగు కబురు. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి రా.

2023 జూన్ 2 సాయంత్రం గుర్తుందా? ఒడిశాలో బాలాసోర్ దగ్గర బహనాగా బజార్ స్టేషన్లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి పోయి, ఆగి ఉన్న గూడ్సు బండిని గుద్దింది. మన విశాఖ, రాజమండ్రి, విజయవాడ మీదుగా చెన్నై వెళ్ళే బండే. ఆ రాత్రి మన వైపు ఎన్ని ఇళ్ళల్లో ఫోన్లు పట్టుకుని తెల్లార్లూ కూర్చున్నారో. 290 మందికి పైగా పోయారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు తొమ్మిది బృందాలుగా వెళ్ళి, బోగీలు కోసి, 44 మందిని ప్రాణాలతో లాగారు. 121 శవాలు బయటికి తీశారు.

మనం ఆ లెక్క పేపర్లో చదివి పేజీ తిప్పేశాం. తర్వాత కొద్ది రోజులకే ఢిల్లీలో ఒక సభలో ఎన్డీఆర్ఎఫ్ అప్పటి డైరెక్టర్ జనరల్ అతుల్ కర్వాల్ ఒక సంగతి బయటపెట్టారు. అక్కడ పనిచేసి వచ్చిన ఒక జవానుకి నీళ్ళు చూస్తే నెత్తురులా కనిపిస్తోందట. ఇంకొకతనికి ఆకలే చచ్చిపోయిందట. తమవాళ్ళకి కౌన్సెలింగ్ చేయిస్తున్నామని కూడా ఆయన చెప్పారు. అంత పెద్దాఫీసరు నిండు సభలో, మైకు ముందు, మావాళ్ళకి ఇలా అవుతోంది అని ఒప్పుకోవడం నాకు చాలా నచ్చింది. మన దగ్గర ఇంత పదవిలో ఉన్నవాళ్ళు సాధారణంగా మావాళ్ళ గుండె ఉక్కు అంటారు.

ఇప్పుడు ఆ ఇద్దరిలో ఒకరు ఇంటికొచ్చారనుకో. ఇంటావిడ చెంబుతో మంచినీళ్ళు ఇస్తుంది, ఆయన చూడనట్టే పక్కకి వెళ్ళిపోతాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చాడు కదా అని కోడికూర వండుతుంది, ముద్ద కలిపి చెయ్యి కడిగేస్తాడు. ఆవిడకేం తెలుసు? వంట కుదర్లేదేమో అనుకుంటుంది. లేదా నా మీద మనసు విరిగిందేమో అనుకుంటుంది. ఆవిడ కంటికి తేలిగ్గా దొరికేది, నోటితో అనడానికి వీలయ్యేది ఒక్కటే, సిగరెట్టు. దాంతో పోట్లాట దాని మీదే సాగుతుంది.

ఈ జబ్బుకి డాక్టర్లు పెట్టిన పేరు పీటీఎస్‌డీ. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ చూశాక 1980లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది. 2013లో అదే పుస్తకాన్ని మళ్ళీ దిద్దినప్పుడు, ప్రమాద స్థలాల్లో మనుషుల అవశేషాలు ఏరేవాళ్ళని ప్రత్యేకంగా ఉదాహరణగా రాశారు. అంటే బోగీలో ఇరుక్కున్నవాడికే వస్తుందనేం లేదు, బోగీ కోసినవాడికీ రావచ్చు. చూసింది పిలవకుండానే మళ్ళీ కళ్ళ ముందుకి రావడం, పీడకలలు, ఆ దారినీ ఆ మాటల్నీ తప్పించుకుని తిరగడం, దేని మీదా ఆనందం లేకపోవడం, తలుపు దబ్బున పడితే ఉలిక్కిపడటం, ఊరికే చిర్రుబుర్రులాడటం. కొన్నాళ్ళు ఇలా ఉండటం సహజం; చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకపోతే, ఉద్యోగమో సంసారమో దెబ్బ తింటుంటే, అప్పుడు డాక్టరు చూడాలి.

సిగరెట్టుకి వద్దాం.

మా పిన్ని కొడుకు 108లో ఈఎమ్‌టీ, అంటే దారిలో చికిత్స చేసేవాడు. చదువుకునే రోజుల్లో స్నేహితులంతా టీకొట్టు వెనకాల దమ్ము కొడుతుంటే వీడు దూరంగా నిలబడి దగ్గేవాడు. హైవే మీద తగలబడ్డ బస్సు దగ్గరికి వెళ్ళొచ్చాక మొదలెట్టాడు. ఏమిట్రా ఈ దిక్కుమాలిన అలవాటు అంటే, “వాసనక్కా” అన్నాడు. “సబ్బుతో రుద్దినా పోదు. ముక్కులోనే కూర్చుంటుంది. ఇది వెలిగిస్తే కాసేపు తెలీదు.” నేను నోరు మూసుకున్నాను. శవాల దగ్గర పనిచేసేవాళ్ళు బీడీయో చుట్టో వెలిగించుకోవడం ఇవాళ్టిది కాదు. మన కాటికాపరుల్ని చూడు, మార్చురీ దగ్గర పనివాళ్ళని చూడు.

ఇంకో రోజు వాడే ఇంకో సంగతి చెప్పాడు. కేసు ఆసుపత్రిలో అప్పజెప్పాక, బండి కడిగాక, వాడూ పైలట్టూ — అంబులెన్సు డ్రైవర్ని వాళ్ళు అలాగే అంటారు — రోడ్డు పక్కన సిగరెట్టు వెలిగించి నిలబడతారట. ఆ రోజు చూసింది ఇద్దరూ మాట్లాడుకునేది ఆ ఐదు నిమిషాల్లోనే. “ఊరికే నిలబడితే ఎవరో ఒకరు ఏం పనిలేదా అంటారక్కా. చేతిలో సిగరెట్టు ఉంటే ఎవరూ ఏమీ అనరు.” ఈ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. వాడికి ఆ సిగరెట్టు, ఇద్దరు మగాళ్ళు పక్కపక్కన నిలబడి మనసు విప్పడానికి ఇచ్చిన పర్మిషన్ కాగితం. మనం దాన్ని లాక్కుంటే ఆ ఐదు నిమిషాలు కూడా పోతాయి. వాటి బదులు ఏమిస్తాం అన్నది ఎవరం ఆలోచించం.

మగాళ్ళు మగాళ్ళు అంటున్నాను గానీ, 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి వెళ్ళిన ఎన్డీఆర్ఎఫ్ బృందాల్లో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. పొగ మగాళ్ళ సొత్తేం కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అమ్మమ్మలు మండే కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్ళు, అంగిట్లో క్యాన్సర్ తెచ్చుకునేవాళ్ళు. అది ఇంకోసారి చెప్పుకుందాం.

ఇంతకీ సిగరెట్టు నిజంగా మనసుని కుదుట పరుస్తుందా? తాగేవాళ్ళనడిగితే ప్రమాణం చేసి చెబుతారు. వాళ్ళు అబద్ధమాడట్లేదు. పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకి చేరుతుంది, హాయిగా ఉంటుంది. కానీ రెండు గంటలు తిరిగేసరికి ఒంట్లో అది సగానికి పడిపోతుంది. అప్పుడు మొదలవుతుంది చిరాకు, గాభరా, దేని మీదా మనసు నిలవకపోవడం, రాత్రయితే నిద్ర పట్టకపోవడం. ఈ నాలుగూ ఎక్కడో విన్నట్టు లేదూ? ఇందాక చెప్పుకున్న పీటీఎస్‌డీలోనూ ఇవే కనిపిస్తాయి. జబ్బు తెచ్చిన గాభరా ఏదో, నికోటిన్ తగ్గి వచ్చిన గాభరా ఏదో ఆ మనిషికి తెలీదు. రెండోదాన్ని ఇంకో సిగరెట్టు తగ్గించేసరికి మొదటిదాన్ని కూడా అదే తగ్గించిందనుకుంటాడు. నిప్పంటించినవాడే బిందెతో పరుగెత్తుకొచ్చి మెప్పు కొట్టేసినట్టన్నమాట.

దీని మీద నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక పరిశోధన గురించి చదివి నేను ఆశ్చర్యపోయాను. అక్కడ ఎన్‌షెడే అనే ఊళ్ళో 2000 మే 13న, శనివారం మధ్యాహ్నం, ఇళ్ళ మధ్యలో ఉన్న బాణసంచా గోడౌను పేలిపోయింది. 23 మంది పోయారు, వాళ్ళల్లో నలుగురు మంటలార్పడానికి వచ్చిన ఫైర్ సిబ్బంది. వందల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ఆ రోజు పనిచేసిన అంబులెన్సు సిబ్బందిని పరిశోధకులు రెండు మూడు వారాల తర్వాత ఒకసారి కలిశారు, మళ్ళీ 18 నెలలకి కలిశారు. మొదట్లో సిగరెట్టు తాగుతున్నవాళ్ళకే ఏడాదిన్నర తర్వాత ఈ జబ్బు లక్షణాలు ఎక్కువ కనిపించాయి. మొదట్లో ఎవరికి ఎంత బాధ ఉందో లెక్కలోకి తీసుకున్నా సరే, ఆ తేడా నిలబడింది.

నువ్వూ నేనూ అనుకునేదానికి ఇది తిరగబడి ఉంది కదూ? బాధపడ్డాడు కాబట్టి తాగుతున్నాడు అనుకుంటాం. అది నిజమే, పీటీఎస్‌డీ ఉన్నవాళ్ళల్లో పొగ తాగేవాళ్ళు ఎక్కువనీ, మానడం వాళ్ళకి ఎక్కువ కష్టమనీ ఎన్నో దేశాల్లో తేలింది. కానీ ఆ రోడ్డు ఒకవైపుదే కాదని ఎన్‌షెడే చెబుతోంది. పరిశోధన చేసింది పెద్ద గుంపు మీదేం కాదు, అదొక్కటే పట్టుకుని సిగరెట్టే జబ్బు తెచ్చిందని నేను ఒట్టేసి చెప్పను. అయితే “పాపం అంత ఘోరం చూసొచ్చాడు, తాగనీలే, అదే మందు” అని అత్తగారు అన్నప్పుడు మాత్రం తలూపకు. ఆ జాలి నీ కోపం కన్నా ఎక్కువ చెరుపు చేస్తుందని నా నమ్మకం.

జాలి వెనకాల ఒక భయం ఉంటుంది. ఉన్న ఆ ఒక్క ఆసరా లాగేస్తే మనిషి ఏమైపోతాడో అని. డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే జంకారు. ముందు మనసు కుదుటపడనీ, సిగరెట్టు సంగతి తర్వాత చూద్దాం అనేవారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు పది కలిసి ఆ భయాన్ని పరీక్షకి పెట్టాయి. 2010లో ఫలితం వచ్చింది. 943 మంది, అందరికీ పీటీఎస్‌డీ, అందరూ పొగ తాగేవాళ్ళే. సగం మందికి మనసుకి వైద్యం చేసే మనిషే సిగరెట్టు మాన్పించే పని కూడా చూశారు. మిగతావాళ్ళని పొగ మాన్పించే వేరే క్లినిక్‌కి పంపారు. ఏడాది పాటు గట్టిగా మానేసినవాళ్ళు మొదటి జట్టులో 8.9 శాతం, రెండో జట్టులో 4.5 శాతం. అసలు కబురేమిటంటే, మానేసినవాళ్ళకి పీడకలలూ గాభరాలూ పెరగలేదు. మానినవాళ్ళకీ మాననివాళ్ళకీ కూడా వైద్యంతో అవి తగ్గుముఖమే పట్టాయి.

నూటికి తొమ్మిది మందేనా అని పెదవి విరవకు. అంత సాయం మధ్యన కూడా అంత కష్టమన్నమాట. మీ ఆయన సంక్రాంతికి మానేసి శివరాత్రికి మళ్ళీ మొదలెడితే మాట నిలబెట్టుకోని మనిషి అని ముద్ర వెయ్యకు.

న్యూయార్కు ఫైర్ డిపార్టుమెంటు చేసిన పని నాకు ఇంకా నచ్చింది. 2001 సెప్టెంబరు 11న ఒక్కరోజే 343 మంది తమవాళ్ళని పోగొట్టుకున్న డిపార్టుమెంటది. ఆ తర్వాత మిగిలినవాళ్ళల్లో పొగ తాగేవాళ్ళు ఇంకా ఎక్కువ తాగడం చూసి, మాన్పించే మందులూ కౌన్సెలింగూ పైసా తీసుకోకుండా ఇచ్చారు. సిబ్బందికే కాకుండా వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కూడా. మామగారు వరండాలో కాలుస్తుంటే కొడుకు మానడం ఎలా కుదురుతుంది? ఆ చిన్న సంగతి వాళ్ళకి తట్టింది.

మన దగ్గర అసలు చిక్కు ఇంకోచోట ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్దామండీ అనగానే “నన్ను ఎర్రగడ్డకి పంపిస్తావా?” అని లేస్తాడు. విశాఖలో అయితే చినవాల్తేరు అంటాడు. ఆ రెండు చోట్ల పేర్లూ అక్కడున్న మానసిక ఆసుపత్రుల వల్ల తిట్లయిపోయాయి, పాపం. యూనిఫాం వేసుకునేవాళ్ళకి ఇంకో గుబులు కూడా ఉంటుంది. కేంద్ర బలగాల్లో ఏటా వైద్య పరీక్ష చేసి షేప్-1 అనో, ఇంకోటనో రాస్తారు, జవాన్ల భార్యలకి ఆ మాట బాగా తెలుసు. మనసు బాలేదంటే ఆ గ్రేడు పడిపోతుందేమో, ప్రమోషన్ ఆగుతుందేమో అని దాచుకుంటారు. ఆ భయాన్ని ఊరికే కొట్టిపారెయ్యలేం. దానికి జవాబు చెప్పాల్సింది పైవాళ్ళు, భార్యలు కాదు.

యూనిఫామే లేనివాళ్ళ సంగతి ఇంకా ఘోరం. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయింది కదా. దాన్ని అక్టోబరు 22న పైకి లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. అన్నాళ్ళు నీళ్ళల్లో ఉన్న బోటులోంచి శవాలు కూడా వచ్చాయి. మన కృష్ణా, గోదావరి ఒడ్డున ప్రతి ఊళ్ళోనూ గజ ఈతగాళ్ళు ఉంటారు. పుష్కరాలకీ, వినాయక నిమజ్జనానికీ, ఎవరో పిల్లాడు మునిగిపోయినప్పుడూ పోలీసులు వాళ్ళనే పిలుస్తారు. వాళ్ళ చేతికి కూలి డబ్బులు, ఓ బీడీ కట్ట. కౌన్సెలింగ్ అన్న మాట వాళ్ళ దాకా ఎప్పుడు పోతుంది? తుపాను తర్వాత చెత్తా కళేబరాలూ ఎత్తే మునిసిపాలిటీ వాళ్ళదీ ఇదే వరస. నన్నడిగితే వైద్యం ముందు ఇక్కణ్ణుంచే మొదలవ్వాలి.

సరే, నీ ఇంటి సంగతి. ఆయన సిగరెట్టు వెలిగించినప్పుడు ఆ మాట ఎత్తకు, అప్పుడు చెవికెక్కదు. మనసు గురించి కూడా సూటిగా అడక్కు. నిద్ర గురించి అడుగు. “రాత్రి మూడింటికి లేచి కూర్చుంటున్నారు, నిద్ర పట్టట్లేదా?” అంటే ఏ మగాడికీ పరువు తక్కువ అనిపించదు. నిద్ర కోసమని, గుండె దడ కోసమని డాక్టరు దగ్గరికి బయల్దేరేవాళ్ళని నేను చూశాను. బయల్దేరితే చాలు, మిగతాది ఆ డాక్టరు కూపీ లాగుతాడు. మెడికల్ షాపువాడు చేతిలో పెట్టే నిద్రమాత్రలు మాత్రం వద్దు. ఆల్ప్రాజోలం లాంటివి ఈ జబ్బుకి మంచివి కావని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి, పైగా అదో కొత్త అలవాటు. మందు సీసా కూడా అంతే, దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఏం చూశారో చెప్పమని బలవంతం చెయ్యకు. ఒక్కసారి కూర్చోబెట్టి అంతా కక్కించేస్తే తేలికైపోతుందని పూర్వం అనుకునేవాళ్ళు, ఇప్పుడు అలా చెయ్యొద్దంటున్నారు. ఆయనంతట ఆయన చెబితే విను, మధ్యలో “రామ రామ” అని చెవులు మూసుకోకు. చుట్టాలొచ్చి “ఎంతమంది పోయారు బావా, ఎలా ఉన్నాయి శవాలు?” అని సినిమా కథలా అడుగుతారు చూడు, వాళ్ళకి అడ్డుపడటం మాత్రం నీ పని. కాఫీ ఇచ్చి కబురు మార్చెయ్.

ఒక్క ఫోనుతో మొదలెట్టొచ్చు. టెలీ మానస్ అని 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, నంబరు 14416. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళు చేసినా మాట్లాడతారు. ఆయన చెయ్యనంటే నువ్వే చెయ్. పొగ మానడానికి వేరే నంబరుంది, 1800-11-2356. వెతుక్కోనక్కర్లేదు, సిగరెట్టు పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది. రోజూ జేబులో పెట్టుకుని తిరుగుతూ ఒక్కరూ చదవరు. ఇవన్నీ నిదానంగా చేసుకునే పనులు. కానీ “నేను లేకపోతే మీకే హాయి” లాంటి మాట ఎప్పుడైనా ఆయన నోట వస్తే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, ఒంటరిగా వదలకు.

మానడానికి మంచిరోజు పెట్టుకుంటారు కదా, ఆ ముహూర్తం నువ్వే చూడు. అక్టోబరు, నవంబరు వద్దు. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే సెలవులు రద్దవుతాయి, మనిషి వారం రోజులు ఇంటికి రాడు, అక్కడ టెంటులో అందరూ వెలిగిస్తుంటే ఈయనొక్కడే ఎలా ఊరుకుంటాడు? ఆయన పనిచేసిన పెద్ద ప్రమాదం జరిగిన తేదీ దగ్గర్లో కూడా వద్దు. మానిన మొదటి రెండు మూడు వారాలు చిరాకు పెరుగుతుంది. ఇది పాత జబ్బు తిరగబెట్టడం అని కంగారుపడి “పోనీ ఒకటి తాగండి” అనెయ్యకు. నాలుగు వారాల లోపు చాలావరకు దిగిపోతుంది. అందాకా పిల్లల పరీక్ష మార్కులూ, మీ ఆడపడుచు పెట్టుపోతలూ ఆయన ముందు ఎత్తకు.

రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది. మిగతా మాత్రలు డాక్టరు రాయాలి. ఈ గమ్ బబుల్‌గమ్‌లా చకచకా నమిలేది కాదు. నాలుగుసార్లు కొరికి, నాలుక చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్యన పెట్టుకుని ఊరుకోవాలి, చురుకు తగ్గాక మళ్ళీ కొరకాలి. టీ, కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, పావుగంట ఆగాలి. మనవాళ్ళకి టీ, సిగరెట్టు జంట కాబట్టి గమ్ కూడా టీతోనే వేసుకుంటారు, పనిచెయ్యట్లేదని పారేస్తారు. మా పిన్ని కొడుకు అలాగే ఓ పెట్టెడు పారేసి నన్ను తిట్టాడు. ఇప్పుడు పైలట్టూ వాడూ రోడ్డు పక్కన టీ గ్లాసులతోనే నిలబడుతున్నారట, గమ్ బండెక్కాక వేసుకుంటున్నాడు. పైలట్టు మాత్రం ఇంకా కాలుస్తున్నాడు.